వంటగది వెనక గోడ

అందరూ వెళ్లిపోయిన ఆఫీసులో ఒక్కడే కూర్చుని, ఇంట్లోని తన కంప్యూటర్‌ని రిమోట్‌లో తెరవడానికి డ్రాఫ్ట్స్‌మన్ గంట నుంచి కుస్తీ పడుతున్నాడు. ఫైర్‌వాల్ గుమ్మం దాటనివ్వడం లేదు. అతను ఫోన్లో చెప్పినట్టే భార్య రౌటర్ ఆపి మళ్లీ వేసింది. కాసేపటికి తెర వెలిగింది. తామున్న ఇంటికి అతనే గీసిన ప్లాను అందులో తెరిచి ఉంది.

“హమ్మయ్య, కనెక్టయింది. ఇక పడుకో.”

“ఎలా అయింది? రౌటర్‌తో పాటు పొరపాటున మీ కంప్యూటర్ ప్లగ్గు కూడా పీకేశాను. ఇంకా పెట్టనే లేదు.”

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. తెర మీద బాణం గుర్తు ఆగలేదు. తాపీగా వెళ్లి, వంటగది వెనక గోడకి ఒక తలుపు గీసింది.

“నువ్వెక్కడున్నావు?” అన్నాడు.

“మంచినీళ్లకని వంటగదిలోకొచ్చాను.” గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. “ఏమండీ, ఈ వెనక గోడకి తలుపెప్పుడు పెట్టించారు?”