ఇరవై ఆరేళ్ళ డివిడెండ్

“అయ్యా, నాదొక ప్రశ్న.”

ముసలాయన మైకు పట్టుకోగానే హాల్లో సగం మంది ఉస్సూరన్నారు.

గెక్ హూన్‌కైతే ఒళ్ళు మండిపోయింది.

సింగపూర్‌లోని ఆ హోటల్ హాల్లో ఓడల కంపెనీ వాటాదారుల సమావేశం జరుగుతోంది. పొద్దున పదింటి నుంచీ ఆమె కుర్చీలో కుదురుగా లేదు. రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చింది. చేతిలోని ఓటు చీటీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

ఓడలకు కిరాయిలు పడిపోయాయని నెలరోజులుగా పేపర్లన్నీ రాస్తున్నాయి. ఈ ఏడు డివిడెండ్ ఇస్తారో, ఇవ్వరో!

నూడుల్స్ కొట్టు అమ్మగా వచ్చిన డబ్బంతా ఆమె ఈ ఒక్క కంపెనీలోనే పెట్టింది. మొదట్నుంచీ ఒక్క ఏడు కూడా డివిడెండ్ తప్పని కంపెనీ అని విని పెట్టింది. మొగుడి డయాలసిస్ దానిమీదే నడుస్తోంది.

“మన ఓడల్లో కుర్రాళ్ళు పొద్దున ఏం తింటున్నారు?” అడిగాడు ముసలాయన.

ఏటా ఇదే ప్రశ్న.

చైర్మన్ ఓపిగ్గా కాగితాలు తిరగేశాడు. “అన్నం, గుడ్లు, రొట్టె... చేపలు కూడా పెడుతున్నాం.”

“తాజావేనా? నెలల తరబడి ఐసులో పడున్నవా?”

గెక్ హూన్ ఇక ఉండబట్టలేకపోయింది. లేచి నిలబడింది.

“అంకుల్, సముద్రంలో వాళ్ళ టిఫిన్ సంగతి మీకెందుకు? బయట మన టిఫిన్ చల్లారిపోతోంది!”

హాలంతా గొల్లుమంది.

ముసలాయన కూడా చిన్నగా నవ్వాడు. మైకు ఇచ్చేసి వెళ్ళి కూర్చున్నాడు.

పది నిమిషాల్లో తేలిపోయింది. షేరుకు మూడు సెంట్లు!

గెక్ హూన్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. మరుక్షణమే మళ్ళీ గుబులు మొదలైంది. ఈ ఏటికి సరే, వచ్చే ఏడు?

బయట ఫలహారాల బల్ల మీద పళ్ళెంలో ఒక్క కర్రీ పఫ్ మిగిలింది. ఆమె చెయ్యీ, ముసలాయన చెయ్యీ ఒకేసారి దాని మీదికి వెళ్ళాయి.

“తీసుకోమ్మా.”

“మొహమాటం దేనికి అంకుల్? మీరొచ్చేదే వీటికోసం కదా!”

పక్కనున్న స్నేహితురాలు రొస్నా ఆమె మోచేయి గిల్లింది.

ముసలాయన ఏమీ అనుకున్నట్టు లేదు. పఫ్ తీసి ఆమె ప్లేట్లోనే పెట్టాడు.

“డివిడెండ్ నీకు సరిగ్గా అందుతోందా అమ్మా?”

“అందకేం? కంపెనీ ఇవ్వడం మొదలెట్టి దీంతో ఇరవై ఆరేళ్ళు. ఒక్క ఏడు తప్పలేదు. ఆ చైర్మన్ మనిషి కాదు, దేవుడు. మా ఆయన ఇంకా బతికున్నాడంటే ఆయన చలవే.”

“ఏం జబ్బు?”

“కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు మిషన్ మీద పెట్టాలి.”

“అలాగా...” అన్నాడు ముసలాయన. చెప్పులీడ్చుకుంటూ బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

“పట్టుమని పది షేర్లుండవు. అడగడం మాత్రం కంపెనీ తనదే అయినట్టు!” అంది గెక్ హూన్, పఫ్ కొరుకుతూ.

మరుసటి ఏడు కంగారు రెట్టింపయింది. కంపెనీ ఓడలు మూడు సరుకు లేక రేవులో ఊరికే పడున్నాయి. మొగుడికి గుండె కూడా బలహీనపడిందన్నారు. సమావేశానికి ఆమె గంట ముందే వచ్చి, తలుపులు తీసేదాకా వరండాలో అటూ ఇటూ తిరిగింది.

“తెలిసిందా? ఆ టిఫిన్ అంకుల్ జనవరిలో పోయాడు,” అంది రొస్నా. “ఫూ చీ తోంగ్ అట పేరు. మా పక్క బ్లాకులోనే ఉండేవాడు. ఒంటి మనిషి. నాలుగు రోజులదాకా ఎవరూ చూసుకోలేదట.”

“అయ్యో పాపం,” అంది గెక్ హూన్. ఆమె చూపు వేదిక మీదే ఉంది. “పోనీలే, ఇవాళ మీటింగ్ తొందరగా తేలుతుంది.”

నిజంగానే తొందరగా తేలింది.

“క్షమించాలి. ఈ ఏడు డివిడెండ్ ఇవ్వలేకపోతున్నాం,” అన్నాడు చైర్మన్.

హాల్లో గోల రేగింది. గెక్ హూన్ మైకు దగ్గరికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు.

“ఓడలు కదలని ఏళ్ళల్లో కూడా ఇచ్చారే! ఇప్పుడేమొచ్చింది? రేపట్నుంచి మా ఆయన మిషన్‌కి ఎవరు కడతారు? మీరు కడతారా?”

చైర్మన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ ఏళ్ళల్లోనూ అందరికీ సరిపడా లేదు ఆంటీ. కంపెనీలో మూడో వంతు ఒక్కాయనది. డబ్బు చాలనప్పుడల్లా, ‘నా భాగం నాకొద్దు, చిన్నవాళ్ళకు ఇచ్చెయ్యండి’ అని రాసి సంతకం పెట్టేవారు. తన పేరు బయటికి రానివ్వద్దనేవారు. అలా పదకొండేళ్ళు గడిపేశాం. పోయినేడూ అంతే.”

“మరి ఈ ఏడేమైంది? ఆయన ఒప్పుకోలేదా?”

“ఆయన లేరు. షేర్లు ఎక్కడో దూరపు బంధువుల చేతికెళ్ళాయి. వాళ్ళ భాగం వాళ్ళకు కావాలన్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు.”

గెక్ హూన్ రెండు చేతులూ జోడించింది.

“ఎవరాయన? ఏ ఇంటివాళ్ళో చెప్పండి. నేనే వెళ్ళి ఆ బంధువుల కాళ్ళు పట్టుకుంటాను.”

“మా మొదటి ఓడలో వంట చేసేవారు ఆంటీ,” అన్నాడు చైర్మన్ మెల్లిగా. “మా నాన్న జీతాలివ్వలేని రోజుల్లో జీతం బదులు షేర్లు తీసుకున్నారు... ఫూ చీ తోంగ్ గారు.”