పాంగాంగుకు రెండు చీటీలు

"నువ్వొక్క మాట 'వద్దు' అను. ఇప్పుడే మానుకుంటా" అన్నాడు వీరేంద్ర, తలమీద హెల్మెట్ తీయకుండానే.

శివకుమారి చేటలో కందిపప్పు చెరుగుతూ తలెత్తింది. "నేనెందుకు వద్దంటానయ్యా? పెండ్లయి ఇరవై రెండేండ్లాయ. నేను వద్దంటే ఒక్క పనన్నా మానుకుంటివా?"

"అది కాదు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఆడ గాలి శానా తక్కువ. నీ పసుపు కుంకాల గురించి ఆలోచన చేయాల గదా."

"నోరు మూసుకొని తొక్కితే ఉండే గాలే సరిపోతాది. పోయి రా."

వీరేంద్రకు కోడుమూరు బజారులో చేనేత చీరల అంగడి. కర్నూలు బడిలో ఆటల సారు జయరాజ్ నలుగురిని కూడగట్టి, లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు పక్క దారిలో మూడు రోజులు సైకిలు తొక్కాలని ప్లాను వేశాడు. మొదట చెయ్యెత్తింది వీరేంద్రే. ఆ రోజు నుంచి బజారుకు నెమ్మది లేదు. పచ్చంచు చీర అడగడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు ఫోనులో మ్యాపు పరిచేవాడు.

"ఎడమపక్క కొండ, కుడిపక్క నీళ్ళు. నడిమధ్య మూరెడు దారి. చక్రం జారిందంటే అంతే!"

"అట్లనా అన్నా. ఆ పైన ఉండేది తియ్యి, అంచు చూస్తాం" అనేవాళ్ళు.

బస్టాండు దగ్గర స్నేహితులు ఫ్లెక్సీ కట్టారు. 'మన కోడుమూరు హిమాలయ వీరుడు'. అందులో మంచుకొండ ముందు సైకిలు పట్టుకొని నిలబడ్డాడు వీరేంద్ర. సైకిలు అతనిదే. కొండ ఫ్లెక్సీ కొట్టినవాడు పెట్టాడు.

ఆదివారాలు గాజులదిన్నె ప్రాజెక్టు కట్టమీద సాధన. కట్ట కొసకు పోయేలోపల మూడుసార్లు దిగి నీళ్ళు తాగేవాడు. ఫోటోలో మాత్రం బొటనవేలు పైకి ఉండేది.

బుధవారం జయరాజ్ ఫోను చేశాడు. "వీరన్నా, శుక్రవారం పొద్దున టికెట్లు తీస్తాండా. నీ మాట గట్టిదేనా?"

"నేను వెనక్కి తగ్గే మనిషినా సారూ! అయితే ఇంట్లోవాళ్ళ మనసు కూడా చూడాల గదా."

ఆ సాయంత్రం తల్లి గురమ్మ పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నీకు మోకాళ్ళ నొప్పులు. పది దినాలు నేను ల్యాకుంటే ఎట్ల?"

"నువ్వుండి ఏం చేస్తాండావు నాయనా, కాళ్ళు పిసుకుతాండావా? పోయి రా. ఆ మంచుకొండల్లో శివుడుంటాడంట. నా పేరు చెప్పు."

గురువారం డాక్టరు దగ్గరికి పోయి బీపీ చూపించుకున్నాడు. "గుర్రం మాదిరి ఉండావు" అన్నాడాయన. "ఇంకోసారి చూడండి సార్, జాగ్రత్త మంచిది" అని రెండో చేతికి కూడా కట్టించుకున్నాడు. రెండో చెయ్యి కూడా గుర్రమే అంది.

ఇంటికొచ్చి, "ఇంగ అమ్మవారినే అడుగుదాం" అన్నాడు.

ఆ ఇంట్లో కొత్త మగ్గం దింపినా, బోరు వేయించినా చౌడేశ్వరి అమ్మ పటం ముందు రెండు చీటీలు వేసి అడగడం ఆచారం. ఒకటి తీస్తారు. అందులో ఉన్నదే అమ్మ మాట. రెండోదాన్ని విప్పకూడదు, తులసికోటలో కలిపేయాలి. తాతల కాలంలో చీటీ వద్దన్నదని కుదిరిన పెండ్లినే వదులుకున్నారు. మనం రాసిపెట్టిన రెండు మాటల్లోనే అమ్మ ఒకటి ఎందుకు చెప్పాలని ఎవరూ అడగలేదు. నమ్మినవాళ్ళకు ఆ ప్రశ్న వచ్చినా, హారతి వేళకు ఆరిపోతుంది.

సంగతి విని జయరాజ్ నవ్వాడు. "సరేన్నా. నేను ప్రార్థన చేసుకుంటా, నువ్వు చీటీ ఎయ్యి."

శుక్రవారం తలస్నానం చేసి వీరేంద్ర దేవుని గదిలో కూర్చున్నాడు. "చీటీలు నేనే రాస్తా" అన్నాడు.

"రాయి. పసుపు పూసి చెంబులో నేనేస్తా" అంది శివకుమారి.

రాసి, మడిచి, ఆమె చేతిలో పెట్టాడు. వాకిట్లో బండి చప్పుడైతే జయరాజ్‌ను పిలుచుకు రావడానికి పోయాడు.

హారతి అయింది. గురమ్మ కండ్లు మూసుకొని చెంబులో చెయ్యి పెట్టి చీటీ తీసింది. తనకు చదువు రాదు కాబట్టి జయరాజ్‌కు ఇచ్చింది. అందరూ అతని నోటివైపు చూశారు.

"పోవచ్చు!" అని అరిచాడు జయరాజ్.

గురమ్మ చెంపలు వేసుకుంది. "అమ్మ మాట. ఇంగ తిరుగు లేదు నాయనా."

శివకుమారి కొబ్బరిముక్కతో పాటు కొత్త మంకీ టోపీ తెచ్చి మొగుని చేతిలో పెట్టింది. జయరాజ్ అప్పటికే ఫోను తీసి టికెట్టు నింపుతున్నాడు. "వయసెంతన్నా?"

వీరేంద్ర చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"సంతోషానికి నోట మాట రాలేదు పాపం" అన్నాడు జయరాజ్.

"నలభై ఏడు" అంది శివకుమారి.

టికెట్టు అయిపోయింది. జయరాజ్ చెయ్యి కలిపి, కాఫీ తాగి పోయాడు. వీరేంద్ర చెంబు తీసుకొని పెరట్లో తులసికోట దగ్గరికి నడిచాడు. వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక చేయని పని చేశాడు. పసుపుకు అతుక్కున్న మడతలు ఊడదీసి రెండో చీటీ విప్పాడు.

'పోవచ్చు.'

తలుపులోనుంచి కనబడుతున్న అమ్మవారి పటం వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు చూశాడు. లోపల పోపు చిటపటలాడుతోంది.

అతను రెండింటిలోనూ 'వద్దు' అనే రాశాడు.