తడి దుప్పటి

మూడో ఆదివారం కూడా గ్యారేజీ ముందు తడి దుప్పటి ప్రత్యక్షమైంది.

భీమేశ్వరరావుకి ఒళ్ళు మండిపోయింది.

ఢిల్లీ పక్కన వైశాలిలో ఇల్లు కట్టినప్పుడు, మారుతి కారొస్తుందని ముందే గ్యారేజీ కట్టించాడాయన. కారు రాలేదు గానీ, మాయాపురి తుక్కు బజారు నుంచి ఓ ముసలి వెల్డింగ్ మిషను వచ్చింది. తెల్లదొరల కాలం నాటి సరుకు. తుప్పు గీకి, వైండింగ్ కొత్తగా చుట్టించి, నూనె పోసి, ఆఫీసు పోగా మిగిలిన బతుకంతా దానికే ధారపోశాడు.

"ఇది పలికిందంటే మీకు ఇనప ఉయ్యాల చేసిపెడతా!" అని వీధిలో పిల్లలకి మాటిచ్చాడు.

పలికింది. ఉయ్యాల సగమైంది. మిగతా సగం ఇవాళ అయిపోవాలి. టీవీలో ఆదివారం సీరియలు కూడా వదిలేసి పిల్లలంతా ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్లో బారులు తీరారు. అందరికంటే ముందు ఆయన కూతురు ఇషిత.

సరిగ్గా అప్పుడే ఈ దుప్పటి! వెలుతురు రాదు, ఎండ రాదు, ఆయన పనితనం చూసేవాడూ లేడు.

"ఏమండీ! మళ్ళీ మొదలెట్టారా?" అని దుప్పటి వైపు కేకేశాడు.

దుప్పటి పక్కనుంచి ఓ ముసలావిడ బయటికొచ్చింది. మొహాన నల్లకళ్ళద్దాలు. పక్కింటి లలితకుమారి తల్లి కాంతమ్మ. ఈమధ్యే బెజవాడ నుంచి వచ్చింది. ఆదివారాలు కూతురు లక్ష్మీ నగర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి పోతుంది. ఇంట్లో ఈవిడొక్కతే.

"బాబూ, పిల్లలు..."

"పిల్లలకేం, బంగారంలా ఉన్నారు! బట్టలారేసుకోడానికి మీకు మేడ లేదా?"

ఆయన భార్య భానుమతి టీ గ్లాసుతో వచ్చింది.

"అరవకండీ. పెద్దాసుపత్రిలో కళ్ళు చూపించుకోడానికి వచ్చిందట. వెలుగు పడదు కాబోలు. ఏదో చెబుతోంది, వినరాదూ!"

"వెలుగు పడకపోతే తలుపేసుకుని కూర్చోవాలి. నా గ్యారేజీకి తెర కట్టడమేంటి?"

ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినడం ఆయన జాతకంలోనే లేదు. సెక్షన్ ఆఫీసరు మరి!

దుప్పటి లాగి గోడ మీద పడేశాడు. చొక్కా చెయ్యి తడిసి ముద్దయింది. విసుక్కుంటూ ముసుగు పెట్టుకుని కడ్డీ అంటించాడు. మిషను గుర్రుమంది. నీలిమంట లేచింది. పిల్లలు ఈలలు వేశారు.

కడ్డీ సగం కరగలేదు, దుప్పటి మళ్ళీ దండెం మీదకొచ్చింది. ఈసారి నీళ్ళు కారుతున్నాయి. కాంతమ్మ ఒక చేత్తో దండెం తడుముకుంటూ, ఇంకో చేత్తో దుప్పటిని ఆ చివరిదాకా లాగుతోంది.

"పిల్లలు ఇటే చూస్తున్నారా బాబూ?"

"మీకు కళ్ళు కనబడట్లేదా? ఎదురుగానే ఉన్నారుగా!"

ఆవిడ ఆయన మొహంలోకి చూడనైనా లేదు. దుప్పటి అంచు మాత్రం వదల్లేదు.

ఎంత పొగరు!

ఆయన ఇటు లాగాడు. ఆవిడ అటు లాగింది. పిల్లలకి పండగే పండగ.

చివరికి భీమేశ్వరరావు లోపలికెళ్ళి కత్తి తెచ్చి దండెమే కోసేశాడు. ఆవిడ తూలి, కరెంటు స్తంభం పట్టుకుని నిలబడింది. తర్వాత పిల్లల వైపు తిరిగి, చేతులూపుతూ ఏదో కేకేసింది. మిషను రొదలో ఒక్కరికీ వినబడలేదు.

భోజనాల వేళకి ఉయ్యాల తయారైంది. భీమేశ్వరరావు కాలరెగరేశాడు.

దీపాలు పెట్టే వేళకి ఇషిత ఏడుస్తూ వచ్చింది.

"పాపా, ఆంఖోం మే రేత్ ఘుస్ గయీ!"

కళ్ళల్లో ఇసుకెక్కడిది? నీళ్ళతో కడిగారు. తగ్గలేదు. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. రెప్ప ఎత్తమంటే పిల్ల కెవ్వుమంటోంది. ఇంతలో ఎదురింట్లో ఏడుపు. వెనకింట్లో ఏడుపు. ఉయ్యాల ఊగిన పిల్లలందరిదీ ఇదే గోల.

భీమేశ్వరరావు పిల్లని భుజాన వేసుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తాడు.

"వెల్డింగ్ మంట చూసిందా?" అన్నాడు డాక్టర్, కళ్ళల్లో చుక్కలు వేస్తూ.

"దూరం నుంచేనండీ! రోడ్డు అవతల..."

"ఆ దూరం చాలదు. రెండ్రోజుల్లో తగ్గిపోతుందిలెండి. ఒక్కపూటే చూసింది కాబట్టి బతికిపోయారు."

"ఒక్కపూటేంటి డాక్టర్! మూడు వారాల నుంచీ నేను..."

తన మాట తానే మధ్యలో మింగడం ఆయనకి అదే మొదటిసారి. మొదటి రెండు వారాలూ మధ్యలో దుప్పటి ఉంది.

సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆ దుప్పటి ఉతికి, ఆరేసి, మడతపెట్టి పక్కింటి తలుపు తట్టాడు. లలితకుమారి తీసింది. ఏడ్చినట్టుంది.

"అమ్మ లేదంకుల్. ఇక్కడ ఉండనంది. తెలిసినవాళ్ళ తోడిచ్చి, ఇప్పుడే జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వస్తున్నా."

భీమేశ్వరరావు దుప్పటి ముందుకు చాపాడు.

"తప్పయిపోయిందమ్మా. నిన్న నానా మాటలన్నాను. ఆవిడకి వెలుగు పడక కట్టుకుంటోందనుకున్నాను."

లలితకుమారి దుప్పటి అందుకుని గుండెకి హత్తుకుంది.

"ఆటోనగర్లో నాన్నది వెల్డింగ్ షాపు. ఆ చిటపట మధ్యలో ఏ పిల్ల గొంతు వినబడినా సరే, అమ్మ తడి దుప్పటి పట్టుకుని పరిగెత్తేది."

"డాక్టర్లు ఏమన్నారమ్మా?"

"ఇక లాభం లేదన్నారు. వెలుగు పడకపోవడమేంటంకుల్, అమ్మకి పగలేదో రాత్రేదో తెలియక ఎన్నేళ్ళయిందో!"