ఎదురుగాలి

"పాత బండే, కానీ ఇంకొన్నాళ్ళు బతకాలిరా. ఇంజను వేడెక్కకుండా ఆయిల్ కూలర్ బిగించెయ్," అన్నాడు పెద్దాయన.

ఇంజన్లోంచి తీసిన ఆయిల్‌ను మెకానిక్ వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. మాడు కంపు.

"మీ అబ్బాయి పోయినప్పట్నుంచీ ఇది రోడ్డెక్కిందే లేదుగా బాబాయ్. గడప దాటని బండికి వడదెబ్బ ఎలా తగిలింది?"

పెద్దాయన నవ్వలేదు.

"రోజూ సాయంత్రం వాకిట్లో స్టాండు వేసి, స్టార్ట్ చేసి వదిలేస్తా. మీ పిన్నికి మతిమరుపు కదా. ఈ చప్పుడు వినబడితే వాడొచ్చాడనుకుని నాలుగు ముద్దలు తింటుంది. ఆవిడ తినేసరికి ఇంజను కాలిపోతోంది."

మెకానిక్ గొంతు తగ్గించాడు. "అయితే కూలర్ పెట్టినా లాభం లేదు. దానికీ ఎదురుగాలి తగలాలి, బండి కదలాలి. వీధి చివరిదాకా ఓ చుట్టు తిప్పుకురా, చాలు."

"కదిలితే చప్పుడు దూరమైపోతుంది కదరా. వాడు మళ్ళీ వెళ్ళిపోతున్నాడనుకుని చేతిలో ముద్ద వదిలేస్తుంది."

మెకానిక్ కొత్త కూలర్‌ని తిరిగి డబ్బాలో పెట్టేశాడు. షెడ్డులో తిరుగుతున్న ఒక్కగానొక్క టేబుల్ ఫ్యాన్ ఆపి, వైరు చుట్టి, పెద్దాయన చేతికిచ్చాడు.

"ఇంజనుకి ఎదురుగా పెట్టు బాబాయ్. పిన్నిని నిదానంగా తిననీ."