చంద్రభాగ వయసు

నీలం నగర్‌లో నల్లా దగ్గర జారిపడి చంద్రభాగ మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసిన డాక్టర్, ఆమె ఆధార్ కార్డు మళ్లీ చూశాడు.

"కార్డుల నలభై ఎనిమిదున్నది. బొక్కలేమో డెబ్బై ఏండ్లోళ్ల తీర్గున్నయి. రోజూ ఏమన్న గోలీలు ఏసుకుంటవా?"

చంద్రభాగ ఓరకంట చూసింది. పక్కనే కొత్త కోడలు ప్రాజక్త. బీడీ తంబాకు డబ్బా అడుగున గోలీలు దాచుకుంటూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చింది చంద్రభాగ.

"కార్డు తప్పు పడ్డది సాబ్. నాకు డెబ్బయ్యే!"

ప్రాజక్త డాక్టర్ వైపు వంగి గొంతు తగ్గించింది. "నలభై ఎనిమిదే సాబ్. హెచ్ఐవీ గోలీలు ఏసుకుంటది, తంబాకు డబ్బాల కనవడ్డయి. సూసి మందు రాయుండ్రి."

చంద్రభాగ తలెత్తలేదు.

ఆమె జారిన కొంగు సర్దింది ప్రాజక్త. "డెబ్బైకి ఇంకా శానా ఏండ్లున్నయి అత్తమ్మా. అప్పటిదాంక నువ్వుండాలె."