గేరు బండి

బళ్ళన్నీ వాటంతటవే నడిచే కాలమది. "కంపెనీ వ్యాను ఎక్కినోడు మన మనిషే కాదు" అని రైతు సంఘం మీటింగులో గొంతు చించుకున్న భూలక్ష్మి, ఆ మాట నిలబెట్టుకోవడానికి పాత గేరు పికప్ కొన్నది. ఇప్పుడది టమాటా డబ్బాలతో మార్కెట్ రోడ్డు నడిమధ్య మళ్ళీ ఆగిపోయింది. క్లచ్ ఎప్పుడు వదలాలో కాలికి అంతుబట్టదు. తాళం తిప్పీ తిప్పీ బ్యాటరీ కూడా చచ్చింది.

వెనకాల ఆగిన కంపెనీ వ్యాను హారన్ కొట్టలేదు. "తొందరేమీ లేదమ్మా, నిదానంగా కానివ్వండి" అంది. తిట్టినా బాగుండేది.

దాని తలుపు తెరుచుకుని సంఘం కార్యదర్శి పోశెట్టి దిగాడు.

"నువ్వా? అండ్ల పోతున్నవా?"

"ఎండకు ఓర్సుకోలేకపోయిన అక్కా" అన్నాడు నేలచూపులు చూస్తూ. "నెట్టాల్నా?"

"నెట్టు. ఎవ్వలకు చెప్పకు."

"నువ్వు సుత చెప్పకు."

అతను ఆయాసపడుతూ నెట్టాడు. ఆమె క్లచ్ వదిలింది. ఇంజను గర్జించి బండి ఉరికింది.

"ఎక్కు, పోశెట్టీ!" అని అరిచిందే గానీ, ఆపితే మళ్ళీ కదలదని ఆమె ఆపలేదు. అతను నాలుగడుగులు పరుగెత్తి నిలబడిపోయాడు. అద్దంలో చూస్తే, చెమట తుడుచుకుంటూ మళ్ళీ ఆ వ్యానే ఎక్కుతున్నాడు.

భూలక్ష్మి సిగ్గుతో అద్దాన్ని పక్కకు తిప్పేసింది.