పదిహేడో సీసా

"ఈ పదిహేడో సీసా పారబోసి, ఇంకోచోట పట్టుకురండి," అన్నాడు మునిసిపల్ కమిషనరు, అందులో మురుగు కలిసిందన్న నీళ్ల రిపోర్టు వెనక్కి తోస్తూ.

"ఎక్కడ పట్టమంటారు సార్?" అంది ల్యాబ్ ఆవిడ.

"నీళ్లు బాగున్నచోట."

పన్నెండేళ్ల సర్వీసులో ఇంత సులువైన శుద్ధి పద్ధతి ఆవిడకు తట్టనేలేదు. ఊరు సముద్రం వైపు పెరుగుతోంది. కొత్త అపార్టుమెంట్ల మురుగు తాగునీటి గొట్టాల్లోకి దిగుతోంది. నీళ్లు భేషుగ్గా ఉన్నాయన్న ఆయన ప్రకటన మాత్రం చెక్కుచెదరలేదు.

"అలాగే సార్. మరి సీసా తెచ్చిన పెద్దావిడకి ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పండి."

"ఆవిడ మీ అమ్మగారండీ."

కమిషనరు కళ్లజోడు తీశాడు. "అక్క ఇంటినుంచి ఇంతదూరం వచ్చిందా? నామీద ఫిర్యాదుకా?"

"కాదండీ. నెల్లాళ్లుగా కడుపునొప్పట. డాక్టరు నీళ్లని అనుమానించాడట. 'మావాడు చెప్పాక నీళ్లలో తప్పెందుకుంటుంది? ఆ ముక్క రాసివ్వమ్మా, డాక్టరుకి చూపిస్తాను' అన్నారు."

"అమ్మ కాచిన నీళ్లే తాగేది కదా," అన్నాడు మెల్లగా.

"మీ ప్రకటన చూశాక కాచడం మానేశారట."

ఆయన ఫోను తీశాడు. "అక్కా, అమ్మకి ఆ నీళ్లివ్వకు. కాచి ఇవ్వు."

ల్యాబ్ ఆవిడ కదల్లేదు. "మిగతా ఊరికి నేను ఫోన్ చెయ్యనా సార్?"

ఆయన రిపోర్టు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.